మట్టికి బలం వస్తే అడవికి చేటా?

ప్రశ్న: మా అమ్మాయి హంగరీలో చదువుతోంది. మే నెలలో వెళ్లినప్పుడు దారి పొడవునా తెల్లటి పూలగుత్తుల చెట్లు కనిపించాయి. వాటి తేనె సీసా ఒకటి తెచ్చుకున్నాను కూడా. ఆ చెట్టు నేలలో నత్రజని పెంచుతుందట, అయినా అక్కడి అడవులకు చేటేనట. బలమిచ్చే చెట్టు చేటెలా అవుతుంది?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: మీరు చూసింది రొబీనియా అమ్మా. చిక్కుడు కుటుంబం చెట్టు. పుట్టిల్లు అమెరికాలోని అపలేచియన్ కొండలు. 17వ శతాబ్దంలో ఐరోపా చేరింది. ఇసుక నేలలు గాలికి లేచిపోకుండా హంగరీలో దీన్ని విరివిగా నాటారు. ఇవాళ ఆ దేశపు అడవిలో దాదాపు నాలుగో వంతు ఇదే.

మాది అనంతపురం జిల్లా. చిన్నప్పుడు వేరుశనగ మొక్క పీకి, వేరు మీది బుడిపెను గోటితో చీల్చేవాణ్ణి. లోపల ఎర్రగా ఉంటే మా నాన్న "పని చేస్తోందిరా" అని సంబరపడేవాడు. ఆ బుడిపెల్లోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తాయి. రొబీనియా వేళ్లలో జరిగేదీ అదే. అయితే చేలో పండినదాన్ని మనం కోసుకుపోతాం. అడవిలో కోతలేవి? నత్రజని నిండిన ఆకు రాలుతుంది, కుళ్లుతుంది, ఆ నత్రజని ఏటేటా అక్కడే పేరుకుంటుంది.

అక్కడి ఇసుక పచ్చిక బయళ్ల మొక్కలు బీద నేలకే అలవాటు పడ్డాయి. నేల బలిసేసరికి, తాకితే మండే మొక్కలూ ఎల్డర్ పొదలూ ఏపుగా లేచి వాటిని మింగేస్తాయి. ఇంకో బాధ ఉంది. మిగులు నత్రజని నైట్రేటుగా మారేటప్పుడు మట్టి పులుస్తుంది. ఆ నైట్రేటు వాననీటితో దిగిపోతూ కాల్షియాన్ని కూడా లాక్కుపోతుంది. నన్నడిగితే అన్నిటికంటే పెద్ద నష్టం ఇదే, ఎందుకంటే పైకి కనపడదు.

నరికేద్దామంటే వేళ్ల నుంచి పిలకలు గుంపుగా లేస్తాయి. పూర్తిగా తీసేసినా, పేరుకున్న నత్రజని ఏళ్ల తరబడి నేలలోనే ఉంటుంది.

వచ్చిన చెట్లన్నీ ఇలాగే చేస్తాయని కాదు. అమెరికా నుంచే వెళ్లిన ఎర్ర ఓక్ ఆకు నిదానంగా కుళ్లుతుంది. అది నేల మీద దుప్పటిలా పరుచుకుని చిన్న మొలకలను లేవనివ్వదు.

తేనె హాయిగా వాడుకోండి. ఎవరడిగినా గింజలు మాత్రం తేవద్దు. ఈసారి ఊటీ వెళ్తే షోలా అనే కొండలోయల అడవుల పక్కనున్న గడ్డి కొండలు చూడండి. తోళ్లు పదును చేసే బెరడు కోసం తెచ్చి నాటిన ఆస్ట్రేలియా వాటిల్ అక్కడ గడ్డిని కమ్మేసింది. దాని వేళ్లకూ ఆ బుడిపెలే ఉంటాయి.