ఇన్సులిన్ గురించి వీడియోలు చేయబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులతో రాయునది.

టైప్ 1 షుగరుతో బతకడం గురించి తెలుగులో వీడియోలు చేస్తానని నువ్వు రాసిన ఉత్తరం చదివి చాలా సంతోషించాను. షుగరంటే పెద్ద వయసులో వచ్చేదేనని నమ్మే మన ఇళ్లలో, బడికి వెళ్లే పిల్లకు రోజూ సూదులు ఎందుకు తప్పవో అదే జబ్బుతో పెరిగిన నువ్వు చెబితే ఆ తల్లిదండ్రులకు కలిగే ధైర్యం వేరు.

అన్నిటికంటే ముందు డోసు సంగతి. నువ్వు ఎన్ని యూనిట్లు వేసుకుంటావో ఎవరు ఎంత అడిగినా చెప్పవద్దు. అది నీ బరువుకు, తిండికి, శ్రమకు తగ్గట్టు డాక్టరు నిర్ణయించిన లెక్క. పైగా మన మందుల షాపుల్లో సీసాలలో ఎక్కువగా దొరికేది మిల్లీలీటరుకు 40 యూనిట్ల ఇన్సులిన్, దాని సిరంజికి ఎర్ర మూత ఉంటుంది. ఇన్సులిన్ పెన్నుల్లో సాధారణంగా వాడేదీ, అమెరికాలోని మనవాళ్లకు మామూలుగా దొరికేదీ 100 యూనిట్లది, దాని సిరంజికి నారింజ రంగు మూత ఉంటుంది. ఆ 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజిలో పది గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 25 యూనిట్లు, దాంతో బిడ్డకు షుగరు పడిపోయి ఫిట్స్ రావచ్చు, స్పృహ తప్పవచ్చు. కర్నూలు తల్లీ డాలస్ తల్లీ చూసేది ఒకే వీడియో కనుక, సిరంజి చూపించిన ప్రతిసారీ సీసా మీది అంకెనూ మూత రంగునూ పక్కపక్కన పెట్టి చూపించు.

ఇన్సులిన్ మాన్పిస్తామనే పొడులవాళ్లు డబ్బుతో నీ దగ్గరకు తప్పకుండా వస్తారు. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను మన రోగనిరోధక శక్తే నాశనం చేసిన ఈ జబ్బులో ఏ ఆకు పసరూ వాటిని తిరిగి తేలేదు. 1922లో టొరంటోలో తొలిసారి ఒక కుర్రవాడికి ఇన్సులిన్ ఎక్కించేదాకా ఇది వచ్చిన పిల్లలు బతికి బట్టకట్టడం అరుదు. షుగరు నయం చేస్తామనే ప్రకటనలను మన దేశంలో 1954 నాటి చట్టమే నిషేధించింది. వాళ్ల పైసా ముట్టుకోవద్దు. ఏ కంపెనీ అయినా నీకు మీటరో సెన్సారో ఉచితంగా ఇస్తే ఆ మాట వీడియో మొదట్లోనే చెప్పు.

అర్ధరాత్రి ఎవరో ఒకరు, బిడ్డకు వాంతులవుతున్నాయి, కడుపు నొప్పి, ఆయాసపడుతోంది అని రాస్తారు. అది ఇన్సులిన్ చాలక రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పెరిగిన లక్షణం కావచ్చు. చిట్కాలు చెప్పకుండా, ఇన్సులిన్ ఆపవద్దని, వెంటనే 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి తీసుకువెళ్లమని మాత్రమే జవాబివ్వు.

తల్లిదండ్రులు ఒప్పుకున్నా పిల్లల ముఖాలు చూపించవద్దు. ముఖ్యంగా ఆడపిల్లలకు పెళ్లి సంబంధాల నాడు ఆ వీడియో అడ్డు తగులుతుంది. చెప్పాలో వద్దో పెద్దయ్యాక వాళ్లే తేల్చుకోవాలి.

మొదటి వీడియోకు కుండ సంగతి ఎంచుకో. ఫ్రిజ్ లేని ఇంట్లో పెద్ద కుండలో చిన్న కుండ పెట్టి, నడుమ తడి ఇసుక నింపి, సీసాను తడవకుండా డబ్బాలో ఉంచి లోపల దాచడం, ఆ ఇసుకను రోజూ తడపడం దగ్గర నుంచి చూపించు. మంచు ముక్కల మీద పెడితే గడ్డకట్టి మందు పాడవుతుందని కూడా చెప్పు. ఎండలు ముదరక ముందే అది జనానికి చేరాలి.

ఇట్లు,
మీ పెద్దమ్మ