బస్సులో రెండు ‘స’లు, షాపులో ఒక్కటే ‘ప’ ఎందుకు?

వైజాగ్ ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర కాసేపు నిలబడి జనం మాటలు వింటే జవాబు దొరుకుతుంది. తెలుగు అజంత భాష, మాట అచ్చుతో ముగియడం దానికి ఇష్టం. అందుకే బయటి నుంచి వచ్చిన మాటల చివర ‘ఉ’ చేరుస్తాం. ఒత్తు సంగతి మాత్రం ముందున్న అచ్చును బట్టి ఉంటుంది. అది హ్రస్వమైతే హల్లు రెట్టిస్తుంది: బస్సు, పెన్ను, కప్పు, టికెట్టు. దీర్ఘమైతే రెట్టించదు: షాపు, గేటు, కేకు. రోడ్డు లాంటివి కొన్ని ఈ లెక్కకు లొంగవు. మా ఊరి పేరే చూడండి, ‘జా’ దీర్ఘం కాబట్టి ‘వైజాగులో’ అనేవాళ్లున్నారు గానీ ‘వైజాగ్గులో’ అని ఎవరూ అనరు. బడి మొహం చూడని మా అమ్మమ్మ నోట కూడా ఈ సూత్రం ఒక్కసారీ తప్పలేదు, నాకు అదే అబ్బురం.