పాత డర్ట్ బైక్ కొనేముందు ఇంజిన్ అరుగుదలను ఎలా పసిగట్టాలి?

ప్రశ్న: ఇన్నాళ్లూ మామూలు రోడ్డు బండే నడిపాను. ఇప్పుడు మట్టి దారుల్లో తిరగడానికి ఒక సెకండ్ హ్యాండ్ డర్ట్ బైక్ కొనాలనుకుంటున్నాను. రెండు బండ్లు చూశాను. ఒకటి 125 సీసీ టూ స్ట్రోక్, దానికి గంటల మీటరు లేదు. రెండోది 250 సీసీ ఫోర్ స్ట్రోక్, దాని మీటరు 60 గంటలు చూపిస్తోంది. ఇంతవరకు ఇంజిన్ విప్పాల్సిన అవసరమే రాలేదని ఇద్దరు యజమానులూ చెబుతున్నారు. ఇంజిన్ విప్పకుండానే అది ఎంత అరిగిందో తెలుసుకునే మార్గం ఉందా?

జవాబు: ఉంది. పూర్తిగా కాకపోయినా, కొనాలా వద్దా అని తేల్చుకోవడానికి సరిపడినంత తెలుస్తుంది. అయితే ముందుగా ఆ ‘ఇంజిన్ విప్పలేదు’ అన్న మాట గురించి చెప్పాలి. రోడ్డు బండి ఇంజిన్ వేల కిలోమీటర్లు ఏ పనీ లేకుండా నడుస్తుంది కాబట్టి అక్కడ ఆ మాట మంచి మాటే. మోటోక్రాస్ (మట్టి ట్రాక్‌ల మీద జరిగే బైక్ పోటీలు) కోసం తయారైన ఇంజిన్ ఆయుష్షును మాత్రం గంటల్లో లెక్కిస్తారు. పోటీల్లో గట్టిగా నడిపే 125 సీసీ టూ స్ట్రోక్ బండికి 20 నుంచి 40 గంటలకొకసారి పిస్టన్, రింగులు మార్చడం మామూలు విషయం. ఇప్పటి 250 సీసీ ఫోర్ స్ట్రోక్ మోటోక్రాస్ ఇంజిన్ నిమిషానికి 13,000 చుట్లకు పైగా తిరుగుతుంది, పైగా అందులో పట్టే ఆయిల్ లీటరుకు కాస్త అటూ ఇటూ మాత్రమే. కాబట్టి పిస్టన్ ఎప్పుడు మార్పించారో, ఆయిల్ ఎన్ని గంటలకొకసారి మార్చారో బిల్లులతో, రాసి పెట్టుకున్న తేదీలతో చూపించే యజమానిని నేను ఎక్కువగా నమ్ముతాను.

గంటల మీటరును కూడా గుడ్డిగా నమ్మకండి. చాలా బండ్లకు అది తర్వాత తగిలించినదే అయి ఉంటుంది. దాన్ని తీసి కొత్తది పెట్టడం ఎవరికైనా చేతనవుతుంది. ఫ్రేమ్ మీద బూట్లు రాసుకునే చోట రంగు పూర్తిగా పోయి, ఫుట్‌పెగ్ పళ్లు నున్నగా అరిగిపోయి ఉంటే ఆ బండి 60 గంటలు మాత్రమే నడిచిందంటే ఒప్పుకోవడం కష్టం.

బండి చూడడానికి వెళ్లేముందే, మీరు వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయవద్దని యజమానికి చెప్పండి. వెళ్లగానే మొదట ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా తగిలితే మరో రోజు వస్తానని చెప్పి వెనక్కు రావడమే మంచిది. చల్లటి ఇంజిన్‌లో పిస్టన్‌కూ బోరుకూ (పిస్టన్ తిరిగే సిలిండర్ లోపలి గోడకూ) మధ్య సందు ఎక్కువగా ఉంటుంది కాబట్టి, అరిగిన పిస్టన్ గోడకు కొట్టుకునే టకటక శబ్దం మొదటి నిమిషంలోనే స్పష్టంగా వినిపిస్తుంది. వేడెక్కి లోహం వ్యాకోచించాక ఆ శబ్దం తగ్గిపోతుంది. వేడెక్కినా తగ్గకుండా, యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడల్లా కింది నుంచి బరువుగా వినిపించే కొట్టుడు అంతకన్నా ప్రమాదకరమైనది. అది చాలాసార్లు పిస్టన్‌ను క్రాంక్‌కు (ఇంజిన్ కింద తిరిగే ఇరుసుకు) కలిపే కనెక్టింగ్ రాడ్ కింది బేరింగ్ అరిగిందనడానికి గుర్తు.

ఇంజిన్‌ను అన్నిటికన్నా వేగంగా తినేసేది దుమ్ము. అందుకే ఒక్క పరీక్షకే సమయం ఉందంటే ఎయిర్ ఫిల్టర్ తీయించి చూడమనే నేను చెబుతాను. సీటు తీసి ఫిల్టర్ బయటకు లాగండి. అది మురికిగా ఉండడం తప్పేమీ కాదు, ఎందుకంటే మురికిని పట్టుకోవడమే దాని పని. చూడాల్సింది ఫిల్టర్‌కు అవతలి వైపు, అంటే కార్బురేటర్ లేదా థ్రాటిల్ బాడీ వైపు వెళ్లే రబ్బరు గొట్టం లోపలి గోడను. శుభ్రమైన తెల్లగుడ్డను వేలికి చుట్టి ఆ గోడ వెంబడి ఒక్కసారి తుడవండి. గుడ్డ తెల్లగా గానీ, పలచటి ఆయిల్ మరకతో గానీ వస్తే సరే. సన్నటి మట్టి అంటుకుని, రెండు వేళ్ల మధ్య నలిపితే గరగరమంటే, ఫిల్టర్ అంచు దగ్గర సందు పడి మట్టి నేరుగా ఇంజిన్‌లోకి వెళ్లిందన్నమాట. అలా కనబడితే ఇంజిన్ శబ్దం ఎంత బాగున్నా పిస్టన్, రింగులు, బోరు అరిగి ఉన్నాయనే అనుకుని ధర మాట్లాడండి. ఫోర్ స్ట్రోక్ బండిలోనైతే వాల్వులు కూడా దెబ్బతిన్నట్టే లెక్క.

ఇక టూ స్ట్రోక్ బండి సంగతి. దీనిలో గొప్ప సౌకర్యం ఏమిటంటే పిస్టన్‌ను కళ్లతో చూడవచ్చు. సైలెన్సర్ పైపును పట్టి ఉంచే స్ప్రింగులు, ఒకటి రెండు బోల్టులు తీస్తే పైపు ఊడి వస్తుంది. స్పార్క్ ప్లగ్ కూడా తీసి, టార్చిలైటు పట్టుకుని ఎగ్జాస్ట్ రంధ్రంలోకి చూస్తూ కిక్ లివర్‌ను చేత్తో మెల్లగా నొక్కండి. ఆ రంధ్రం ముందుగా పిస్టన్, దాని రింగులు పైకీ కిందికీ కదులుతూ కనబడతాయి. పిస్టన్ ముఖం మీద తయారీ నాటి సన్నటి అడ్డ గీతలు ఇంకా కనబడుతుంటే అది పెద్దగా అరగలేదు. గోరు పెడితే తగిలేంత లోతైన నిలువు గీతలుంటే దుమ్ము వెళ్లిందని గానీ, ఎప్పుడో పిస్టన్ పట్టేసిందని గానీ అర్థం. రింగుల కింది భాగం గోధుమరంగుకు మాడి ఉంటే మండిన వాయువు రింగులను దాటి కిందికి దిగుతోంది. ప్లగ్ కొసన మెరిసే చిన్న అల్యూమినియం చుక్కలు కనబడితే పిస్టన్ పైభాగం కరుగుతోందని గుర్తించండి.

ఆ తర్వాత యజమాని ఒప్పుకుంటే ఎడమ వైపు ఫ్లైవీల్ (క్రాంక్ కొసన తిరిగే బరువైన చక్రం) మూత తీయించండి. ఫ్లైవీల్‌ను పైకీ కిందికీ ఊపి చూస్తే ఏమాత్రం కదలిక తెలియకూడదు. తెలిస్తే క్రాంక్ బేరింగులు పోయినట్టే. పిస్టన్ దాదాపు పైకొసకు వచ్చినప్పుడు ఫ్లైవీల్‌ను కొద్దిగా అటూ ఇటూ ఆడించండి. చేతికి టిక్కుమని తగిలితే రాడ్ బేరింగులో వదులు వచ్చిందన్నమాట. పిస్టన్, రింగులు మార్చడం ఒక పూట పని, కానీ క్రాంక్ దాకా వెళ్తే ఇంజిన్‌ను ఫ్రేమ్ నుంచి దించి రెండుగా విడదీయాలి. కాబట్టి ఈ చిన్న తనిఖీని వదులుకోవద్దు.

ఫోర్ స్ట్రోక్ బండిలో కిక్ గట్టిదనాన్ని బట్టి ఇంజిన్‌ను అంచనా వేయకండి. స్టార్ట్ చేయడం తేలిక కావడానికి కిక్ కొట్టేటప్పుడు ఎగ్జాస్ట్ వాల్వును కొద్దిగా తెరిచి ఉంచే ఏర్పాటు (డీకంప్రెషన్) వీటిలో ఉంటుంది కాబట్టి, కిక్ తేలికగా దిగడం దానంతటది లోపం కాదు. ఇక్కడ అసలు చూడాల్సినవి వాల్వులు. చాలా మోటోక్రాస్ బండ్లలో తేలికైన టైటానియం వాల్వులు వాడతారు. వాటి పైపూత అరిగాక వాల్వు తన సీటులోకి కూరుకుపోతుంది, దాంతో టాపెట్ క్లియరెన్స్, అంటే వాల్వుకూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఉండాల్సిన సందు, తగ్గిపోతూ వస్తుంది. చల్లగా ఉన్నప్పుడు ఎన్ని కిక్కులు కొట్టినా లేవని బండి, తోస్తే మాత్రం లేస్తోందంటే ముందుగా అనుమానించాల్సింది దీన్నే. మెకానిక్‌ను వెంట తీసుకువెళ్లి ఫీలర్ గేజ్‌తో (సందును కొలిచే పలచటి రేకులతో) కొలిపించి, బండి మాన్యువల్‌లోని అంకెలతో పోల్చి చూడండి. ఆ సందును సరిచేయడానికి పెట్టే చిన్న బిళ్లలు, అంటే షిమ్‌లు, ఎన్నిసార్లు మార్చారో కూడా అడగండి. ఒకసారి సరిచేసిన క్లియరెన్స్ కొద్ది గంటలకే మళ్లీ తగ్గిందంటే ఇక షిమ్ మార్చి ప్రయోజనం లేదు, వాల్వులే మార్చాలి.

ఆయిల్‌ను కొద్దిగా గాజు గ్లాసులోకి దించి ఎండలో పట్టి చూడండి. డ్రెయిన్ బోల్టు అయస్కాంతానికి సన్నటి నూగు లాంటి ఇనుప పొడి అంటుకోవడం మామూలే. వేలికి తగిలే రేకులుంటే బేరింగో గేరు పళ్లో విరుగుతున్నాయి. పాలు కలిపినట్టు తెల్లబడితే కూలెంట్ కలుస్తోంది. ఆయిల్ అప్పుడే మార్చినట్టు మరీ శుభ్రంగా ఉంటే ఆయిల్ ఫిల్టర్‌ను బయటకు తీయించి దాని మడతల్లో చూడండి. గేర్లు, క్లచ్ సంగతి బండి నడిపితేనే తెలుస్తుంది. ప్రతి గేరులోనూ గట్టిగా లాగించి, గేరు దానంతటది జారిపోతోందా అన్నది గమనిస్తే చాలు.

ప్రశ్న: ఒక ఫోర్ స్ట్రోక్ బండికి గేజ్ పెట్టి కంప్రెషన్ చూపించారు. అంకె తక్కువగానే వచ్చింది. డీకంప్రెషన్ ఏర్పాటు వల్ల అలా వస్తుందని యజమాని అంటున్నారు. నమ్మవచ్చా?

జవాబు: ఆయన చెప్పింది నిజమే కావచ్చు. అంతమాత్రాన ఇంజిన్ బాగున్నట్టూ కాదు. ఇలాంటప్పుడు లీక్‌డౌన్ పరీక్ష చేయించండి. పిస్టన్‌ను కంప్రెషన్ పైకొసన నిలిపి, ప్లగ్ రంధ్రం ద్వారా గాలిని ఎక్కించి, అందులో ఎంత శాతం బయటకు పోతోందో ఈ పరీక్షలో కొలుస్తారు. 10 శాతం లోపు ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు, 20 దాటితే ఇంజిన్‌కు పని ఉంది. గాలి ఎక్కడి నుంచి బుసకొడుతోందో చెవి పెట్టి వింటే లోపం ఎక్కడో తెలిసిపోతుంది. సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, ఎయిర్ ఫిల్టర్ వైపు వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వు, ఆయిల్ పోసే రంధ్రంలో వినిపిస్తే రింగులు అని అర్థం. రేడియేటర్‌లో బుడగలు లేస్తే హెడ్ గాస్కెట్‌ను (సిలిండర్‌కూ దాని పై మూతకూ మధ్య ఉండే పొరను) అనుమానించాలి.

ప్రశ్న: నేను బయానా ఇచ్చిన టూ స్ట్రోక్ బండి వేడెక్కాక కూడా దట్టంగా పొగ వదులుతోంది. గేర్ ఆయిల్ మట్టం కూడా తగ్గుతోంది. బయటకు ఎక్కడా కారడం లేదు. రింగులు పోయాయంటారా?

జవాబు: రింగులు కాకపోవచ్చు. మీరు చెప్పిన గుర్తులు క్లచ్ వైపు ఉండే క్రాంక్ సీలు (క్రాంక్ చుట్టూ ఆయిల్, గాలి దాటకుండా ఆపే రబ్బరు చుట్టు) పోయినప్పుడు కనిపించేవి. ఆ సీలు చిరిగితే క్రాంక్ గది గేర్ ఆయిల్‌ను లోపలికి పీల్చుకుని పెట్రోలుతో పాటు మండిస్తుంది. యాక్సిలరేటర్ వదిలాక ఇంజిన్ వేగం వెంటనే తగ్గకుండా పైనే నిలబడుతోందా అన్నది కూడా గమనించండి. అలా నిలబడితే మాగ్నెట్ (ఫ్లైవీల్) వైపు సీలు నుంచి కూడా గాలి పీలుస్తూ ఉండవచ్చు. అదనపు గాలి చేరితే మిశ్రమం పలచబడి పిస్టన్ పట్టేస్తుంది కాబట్టి, ఆ స్థితిలో బండిని ఎక్కువసేపు నడపవద్దు. మిగిలిన డబ్బు ఇచ్చేలోపే రెండు వైపులా సీళ్లు మార్పించమని యజమానిని అడగండి. సీళ్లు తీసినప్పుడే క్రాంక్ ఊగుతోందేమో మెకానిక్ చేత చూపించండి. బేరింగ్ అరిగి క్రాంక్ ఊగుతుంటే కొత్త సీళ్లు కూడా ఎక్కువ కాలం నిలవవు.