గేదెలు మేస్తే లంకలో రెల్లు, తుంగ పోతాయా?

నది ఒడ్డు చిత్తడి నేలల్లో మొక్కలకు పశువుల వల్ల ఎక్కువ నష్టమా, సాగు వల్లా అని అడిగారు. మాది కోనసీమలో గోదావరి లంక, అంటే నది మధ్య దీవి. నన్నడిగితే సాగు వల్లే. అందులోనూ నీళ్ళ అంచుదాకా చేసే సాగు వల్ల.

చిన్నప్పుడు తాతయ్య గేదెల్ని పాయ దాటించి అవతలి ఒడ్డుకు తోలేవాడు. అవి గరిక, తుంగ, లేత రెల్లు మేసేవి. వాటి గిట్టలు దిగిన గుంటల్లో తడి నిలిచి పొన్నగంటి, గుంటగలగర మొలిచేవి. అమ్మ ఒడినిండా పొన్నగంటికూర కోసుకొచ్చేది. ఒకేచోట మరీ ఎక్కువ పశువుల్ని వదిలితే మెత్తటి మొక్కలు పోయి ముళ్ళున్న నీటిగొబ్బి మిగులుతుంది, కాదనను. కానీ గేదె పైపైన కొరుకుతుంది, వేరు జోలికి పోదు.

వేరు విలువ నాకు 2022 జూలై వరదలో తెలిసింది. ఆ వేసవిలోనే మా బాబాయి ఒడ్డున రెల్లు దుబ్బులన్నీ జేసీబీతో పెకలించి అరటి పిలకలు నాటాడు. వద్దంటే "ఊరికే పడున్న నేలేగా" అన్నాడు. భద్రాచలం దగ్గర గోదావరి నీటిమట్టం 71 అడుగులు దాటిందని టీవీలో చెబుతుంటే ఇంట్లో ఒకటే టెన్షన్. నీరు తీశాక పడవలో వెళ్ళాం. అరటీ లేదు, అరటి వేసిన నేలా లేదు. పక్కనే పశువులు మేసే బీడు మాత్రం అలాగే ఉంది. రెల్లంతా పడుకుని, పైన బెత్తెడు ఒండ్రు. తెగిన అంచులో దాని వేళ్ళు నా నడుమెత్తున వేలాడుతూ మట్టిని వలలా పట్టుకున్నాయి. రెండు వారాలకి ఆ ఒండ్రులోంచి పచ్చగా మొలకలు లేచాయి.

రాజస్థాన్‌లో భరత్‌పూర్ పక్షుల చిత్తడిలో 1982లో గేదెల మేత ఆపేశారు. తర్వాత ఒక రకం గడ్డి నీటినంతా అల్లుకుపోయి పక్షులకే ఇబ్బందైంది. అయినా మన దగ్గర ఎవరికి ఏం తోచినా ముందు పశువుల కాపరినే తరుముతారు. ఒడ్డు తొలిచే ఇసుక లారీని ఆపేవాడు లేడు.

బాబాయి ఇప్పుడు అంచున ఇరవై అడుగులు వదిలేశాడు. రెల్లు దానంతటదే వచ్చింది. పొన్నగంటి ఇంకా రాలేదు, పై చేలల్లో గడ్డి మందు కొడుతూనే ఉన్నారు.