ఇంటినిండా మూగజీవాలు: వైద్యం ఖర్చు దేనికి ముందు?

ప్రశ్న: మాకు రెండు కుక్కలు, మూడు పిల్లులు, పది పన్నెండు నాటుకోళ్లు, ఒక చూడి ఆవు ఉన్నాయి. పోయిన నెల కుక్కపిల్లకు రక్త విరేచనాలైతే నాలుగు రోజులు సెలైన్లు పెట్టించాం. డబ్బులూ పోయాయి, పిల్లా దక్కలేదు. అన్నిటికీ వైద్యమంటే టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?
– ఒక మహిళా రైతు, చీపురుపల్లి మండలం, విజయనగరం జిల్లా

జవాబు: అమ్మా, చేతుల్లో పెంచిన పిల్ల పోతే ఆ బాధ మాకు తెలుసు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి అది పార్వో (కుక్కపిల్లలకు రక్త విరేచనాలు తెచ్చే వైరస్ జబ్బు) అయి ఉండొచ్చు. ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది. కాబట్టి ఇంకో పిల్లను వెంటనే తెచ్చుకోవద్దు. అది పడుకున్న గచ్చును బ్లీచింగ్ నీళ్లతో కడగండి, గోనెపట్టాలు కాల్చేయండి. మళ్లీ తెచ్చుకుంటే 6–8 వారాల వయసులో తొలి టీకా వేయించి, 3–4 వారాల తేడాతో బూస్టర్లు పూర్తయ్యాకే దాన్ని వాకిట్లోకి వదలండి.

చేతిలో డబ్బు తక్కువున్నప్పుడు మొదటి రూపాయి టీకాకే పెట్టాలి. అందులోనూ ముందు రేబిస్. మూడు నెలలు నిండిన కుక్కకీ పిల్లికీ వేయించి, ఏటా మళ్లీ వేయించాలి. పిల్లిని చాలామంది వదిలేస్తారు, దాని కాటుతోనూ రేబిస్ వస్తుంది. జులై 6న, జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం నాడు, పశువుల ఆసుపత్రుల్లో ఈ టీకా ఉచితంగా వేస్తారు.

ఖర్చు తగ్గుతుందని ఒకదాని మందు ఇంకోదానికి మాత్రం వేయకండి. జ్వరమని మనం వేసుకునే పారాసిటమాల్‌లో సగం బిళ్ల వేసిన పిల్లిని ఒకసారి నా దగ్గరకు తెచ్చారు. మొహం వాచింది, చిగుళ్లు గోధుమరంగుకు తిరిగాయి, నోరు తెరిచి ఎగశ్వాస తీస్తోంది. పిల్లి కాలేయం ఆ మందును విరిచేయలేదు, సగం బిళ్లే విషమవుతుంది. కుక్కల పిడుదుల మందులు కొన్ని కూడా పిల్లికి ప్రాణాంతకమే.

నట్టల మందు బరువును బట్టి వేయాలి. కుక్కను ఎత్తుకుని కాటా మీద నిలబడండి, తర్వాత ఒక్కరే నిలబడండి. ఆ తేడాయే దాని బరువు. ఒక నోటుబుక్కులో ప్రతి జీవికీ ఒక పేజీ పెట్టి బరువు, టీకా తేదీ రాసుకోండి. డాక్టరుకు అది చూపిస్తే వేసిన మందే మళ్లీ కొనే పని తప్పుతుంది.

కోళ్లకు వేసే కొక్కెర తెగులు (రానికెట్) టీకా సీసాలో వందల కొద్దీ డోసులుంటాయి, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. మీ పన్నెండు కోళ్లకోసం సీసా కొంటే మిగతాది పారబోయడమే. చుట్టుపక్కల నాలుగిళ్లవాళ్లు కలిసి ఒకేరోజు వేయించుకోండి.

ఆవుకు గాలికుంటు టీకా ప్రభుత్వమే ఉచితంగా వేస్తుంది. రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుడికి అది ఎన్నో నెల చూడిదో చెప్పి అడగండి. ఈనేటప్పుడు ఇబ్బందైతే సంచార పశువైద్య వాహనం కోసం 1962కు ఫోన్ చేయండి. పెద్ద చికిత్సలు అవసరమైతే మీకు దగ్గర్లోనే గరివిడి పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. ఆడ పిల్లులకు అక్కడే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ గురించి అడగండి. ఏడాదికి రెండు మూడు ఈతలైతే మూడు పిల్లులు మూడుగా ఉండవు.

మీ కుక్కలకు రేబిస్ టీకా ఎప్పుడు వేయించారో గుర్తులేకపోతే, జులై దాకా ఆగకుండా ఈ వారమే వేయించండి.