డాక్టర్ సలహా: మోకాళ్ల సంగతి సరే, ముందు పాదాలు చూపించుకోండి

ప్రశ్న: నాకు 63 ఏళ్లు. ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసి, ఈమధ్యే విశాఖపట్నంలో అమ్మాయి దగ్గరికి వచ్చాను. ఈ ఊరిని కారులో కాకుండా కాలినడకన చూడాలని కోరిక. పాత నగరం, కైలాసగిరి మెట్లు, తొట్లకొండ, కంబాలకొండ అడవి, ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ... ఇవన్నీ అనుకుంటున్నాను. ఇప్పుడు రోజూ బీచ్ రోడ్డులో మూడు కిలోమీటర్లు నడుస్తున్నాను. 12 ఏళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడుతున్నాను. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వేసుకుంటాను. మెట్లు దిగేటప్పుడు మోకాళ్లు నొప్పి పుడితే మందుల షాపులో డైక్లోఫెనాక్ తెచ్చుకుంటాను. అప్పుడప్పుడు పాదాలు తిమ్మిరెక్కుతాయి. మొన్న చెప్పు జారిపోయినా రెండడుగులు వేసేదాకా తెలియలేదు. ఆషాఢానికి ఇంకా నాలుగు నెలలుంది. ఈ మోకాళ్లతో ప్రదక్షిణ చేయగలనా?

జవాబు: నడవండి. మీ షుగర్‌కు, బీపీకి, చివరికి ఆ మోకాళ్లకు కూడా నడక మేలు చేస్తుంది. కీళ్లు అరుగుతున్నాయని కదలకుండా కూర్చుంటే తొడ కండరాలు బలహీనపడి నొప్పి ఇంకా పెరుగుతుంది. అయితే మీ ఉత్తరంలో నాకు ఆందోళన కలిగించింది మోకాళ్లు కాదు, ఆ జారిపోయిన చెప్పు.

కాలి నుంచి చెప్పు జారినా తెలియలేదంటే పాదంలో స్పర్శ తగ్గిందని అనుమానించాలి. చాలా ఏళ్లుగా షుగర్ ఉన్నవారిలో పాదాల నరాలు దెబ్బతినడం తరచుగా చూస్తాం. అలాంటి పాదానికి చిన్న గులకరాయి గుచ్చుకున్నా, బూటు ఒరుసుకుని పొక్కు లేచినా నొప్పి తెలియదు. మామూలు మనిషి ఆగి, బూటు విప్పి, రాయి దులిపేసుకుంటాడు. స్పర్శ లేనివారు దాని మీదే కిలోమీటర్ల కొద్దీ నడిచేస్తారు. ఇంటికొచ్చాక సాక్సు మీద రక్తపు మరక చూస్తే గానీ విషయం తెలియదు. ఆ పుండు మానడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. వేళ్లు తీసేయాల్సి వచ్చిన వారిలో చాలామందికి కథ మొదలయ్యేది ఇలాంటి చిన్న పొక్కుతోనే.

అందుకని ఈ వారంలోనే మీ డాక్టరుకు పాదాలు చూపించండి. ఒక సన్నని నైలాన్ పోచను అరికాలిలో కొన్ని చోట్ల ఆనించి, తెలుస్తోందా అని అడుగుతారు. అది 10 గ్రాముల ఒత్తిడికి వంగేలా తయారుచేసిన పోచ. ట్యూనింగ్ ఫోర్కు పెట్టి కంపనం తెలుస్తోందో లేదో కూడా చూస్తారు. పాదం మీద నాడి కొట్టుకుంటోందో లేదో చూడమనండి. నొప్పిలేని పరీక్షలివి, నిమిషాల్లో అయిపోతాయి. విటమిన్ బి12 రక్తపరీక్ష కూడా చేయించుకోండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో అది తగ్గి తిమ్మిర్లు రావచ్చు. ఆ లోపమే ఉంటే సరిచేయడం తేలిక. షుగర్ ఉన్నవారికి గుండె ఇబ్బంది ఛాతీ నొప్పి లేకుండా కేవలం ఆయాసంగా బయటపడటమూ ఉంది. కాబట్టి కొండలెక్కే ముందు ఈసీజీ తీయించుకోండి, ట్రెడ్‌మిల్ పరీక్ష అవసరమా అని అడగండి. మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష కూడా చూడాలి. అదెందుకో చెబుతాను.

డైక్లోఫెనాక్ మాత్ర ఆపేయండి. మీ బీపీ మాత్రలో ఉన్న రెండు మందులకు ఈ నొప్పి మాత్ర తోడై, పైగా చెమట పట్టి ఒంట్లో నీరు తగ్గితే మూత్రపిండాలకు రక్తప్రసారం ఒక్కసారిగా పడిపోవచ్చు. ఎక్కువ దూరం నడవబోతూ ‘ముందుజాగ్రత్తగా’ నొప్పి మాత్ర వేసుకునేవారు చాలామంది ఉన్నారు. మీ విషయంలో ఆ జాగ్రత్తే ముప్పు. నొప్పి ఉంటే మోకాలిపై రాసే జెల్ వాడండి. చాలకపోతే మీ డాక్టరును అడిగి పారాసిటమాల్ వేసుకోండి.

ఇక మోకాళ్లు. కొండ ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, దిగేటప్పుడు మోకాలిచిప్ప వెనక భారం పడుతుంది. అందుకే మీకు దిగేటప్పుడే నొప్పి. కైలాసగిరి ఎత్తు సుమారు 170 మీటర్లే, నెమ్మదిగా మెట్లెక్కండి. తిరుగు ప్రయాణం మాత్రం మొదటి రెండు నెలలు వాహనంలోనే. తర్వాత దిగినా అడుగులు చిన్నవిగా, మోకాలు కాస్త వంచి, రెండు చేతుల్లో రెండు కర్రలతో దిగండి. ఈలోగా ఇంట్లో రోజూ కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా పదిసార్లు లేచి కూర్చోండి. మొదట్లో కష్టమనిపిస్తే కొంచెం ఎత్తయిన కుర్చీ ఎంచుకోండి.

మీరు రాసిన చోట్లలో మొదట పాత నగరం చూడమంటాను. కురుపాం మార్కెట్ వీధుల్లో ఆగుతూ చూస్తూ నడిచినంత సేపూ కాళ్లకు మధ్యమధ్యలో విశ్రాంతి దొరుకుతుంది. ఏ క్షణాన అలసినా ఆటో ఉంటుంది. అక్కడి మూడు చిన్న కొండల మీద చర్చి, దర్గా, వెంకటేశ్వరస్వామి గుడి ఉన్నాయి. మెట్ల సాధనకు అవి చక్కగా సరిపోతాయి. ఆ తర్వాత కంబాలకొండ. అక్కడ నీడ ఉంటుంది, కానీ బాటలో రాళ్లు, వేర్లు ఉంటాయి. స్పర్శ తగ్గిన పాదం తడబడి పడిపోయే చోటు అదే. ఒంటరిగా వెళ్లకండి, గడ్డిలో కూర్చోకండి. అడవి నుంచి వచ్చాక రెండు వారాలలోపు జ్వరం వస్తే ఒంటి మీద నల్లని పొక్కులాంటి మచ్చ ఉందేమో చూసుకుని, అడవికి వెళ్లిన సంగతి డాక్టరుకు చెప్పండి. గడ్డిలో ఉండే నల్లిలాంటి చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరాన్ని గుర్తించడానికి ఆ ఒక్క మాట ఎంతో సాయపడుతుంది. తొట్లకొండ బౌద్ధ స్తూపాలు, రాతిలో తొలిచిన నీటి తొట్లు తప్పక చూడాల్సినవే, కానీ పైన నీడ తక్కువ. పొద్దున ఎనిమిదిలోపు చూసి దిగిపోండి. విశాఖ ఎండ కన్నా ఉక్కపోత మనిషిని ఎక్కువ దెబ్బతీస్తుంది. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు.

గ్లిమెపిరైడ్ వేసుకుని ఎక్కువసేపు నడిస్తే షుగర్ పడిపోవచ్చు, నడుస్తున్నప్పుడే కాదు, ఆ రాత్రి నిద్రలో కూడా. ఎక్కువ దూరం నడిచే రోజు ఆ మాత్ర మోతాదు తగ్గించాలా, మానాలా అన్నది మీ డాక్టరు నిర్ణయించాలి, సొంతంగా మార్చకండి. జేబులో గ్లూకోజ్ పొడి ఉండాలి. చేతులు వణికినా, చెమటతో కళ్లు తిరిగినా ఆగి, మూడు చెంచాలు నీళ్లలో కలుపుకుని తాగండి. పదిహేను నిమిషాల తర్వాత పరీక్ష చేసుకోండి. 70 కన్నా తక్కువ ఉంటే మళ్లీ తాగండి.

ఇప్పుడు ప్రదక్షిణ. కొండ కింద తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర మొదలై అడివివరం, హనుమంతవాక, అప్పుఘర్, సీతమ్మధార, కంచరపాలెం, గోపాలపట్నం మీదుగా తిరిగి కొండ కిందికి చేరేసరికి 32 కిలోమీటర్లు. వారానికి ఒక్కరోజు మాత్రం ఎక్కువ దూరం నడుస్తూ, అయిదు, ఎనిమిది, పన్నెండు అని పెంచుకుంటూ పోయి, నాలుగో నెలకు ఇరవై కిలోమీటర్లు పొక్కులేమీ లేకుండా నడవగలిగితే ప్రయత్నించవచ్చు. పరీక్షలో స్పర్శ తగ్గిందని తేలితే చెప్పుల్లేకుండా నడవడానికి మాత్రం నేను ఒప్పుకోను. మొక్కు అయినా సరే. మధ్యాహ్నం బయలుదేరేవారికి తారు రోడ్డు ఇంకా కాలుతూనే ఉంటుంది, అరికాలు బొబ్బలెక్కినా మీకు తెలియదు. పాదాలు కాస్త ఉబ్బి ఉండే సాయంత్రం వేళ వెళ్లి, ముందు భాగంలో బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండే బూట్లు కొనుక్కోండి. తొడుక్కునే ప్రతిసారీ లోపల చేయి పెట్టి తడిమి చూడండి. దారిలో ప్రతి అయిదారు కిలోమీటర్లకు బూట్లు విప్పి సాక్సులు మార్చండి, అరికాళ్లు అమ్మాయికి చూపించండి. భక్తులకు పంచే మజ్జిగ, నీళ్లు దాహమైనప్పుడల్లా కొద్దికొద్దిగా తాగండి. పానకం మీద చేయి వేయకండి, షుగర్ పడిపోతే తప్ప. మీ బీపీ మాత్ర వల్ల ఒంట్లో సోడియం తగ్గే వీలుంది, కాబట్టి దాహం లేకుండా లీటర్ల కొద్దీ నీళ్లు పోసుకోవడమూ మంచిది కాదు.

ఛాతీలో బిగుతు, దవడకు పాకే నొప్పి, మునుపు లేని ఆయాసం, మాట తడబడటం వీటిలో ఏది వచ్చినా అక్కడే కూర్చుని 108కు ఫోన్ చేయండి. పిక్కలు పట్టేసి, ఆగితే తగ్గి, నడిస్తే మళ్లీ వస్తుంటే అది రక్తనాళాల ఇబ్బంది కావచ్చు, ఆ రోజుకు నడక ఆపేసి తర్వాత చూపించుకోండి. ప్రదక్షిణ పూర్తిచేయలేకపోయినవారు కొండపైన ఆలయంలో ప్రదక్షిణ చేసుకోవడమూ ఉంది.

ఇంటికి చేరిన రాత్రి షుగర్ చూసుకుని, ఏదైనా తిని పడుకోండి. మర్నాడు పొద్దున వెలుతురులో వేళ్ల సందులతో సహా రెండు పాదాలూ చూసుకోండి. పొక్కు కనిపిస్తే సూదితో గుచ్చకుండా, శుభ్రమైన గుడ్డ కట్టి, అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లండి.