షుగర్ వల్ల కిడ్నీ దెబ్బతింటే చైనీస్ కషాయం వాడొచ్చా?

మామయ్యగారికి షుగర్ వల్ల యూరిన్‌లో ప్రోటీన్ పోతోంది, పక్కింటి చైనీస్ ఆంటీ ఏదో కషాయం తాగించమంటోంది, ఇవ్వాలా వద్దా అని కదండీ మీ డౌట్. మేమూ సింగపూర్‌లోనే ఉంటాం, మా నాన్నది కూడా ఇదే కేసు.

నాన్న పట్టుబడితే చైనా మందుల షాపుకి తీసుకెళ్లా. గోడ నిండా చెక్క సొరుగులు. అక్కడి వైద్యుడు రెండు చేతుల నాడీ చూసి, నాలుక చాపమని, చీటీ రాశాడు, కౌంటర్లో అమ్మాయి ఒక్కో సొరుగులోంచి తీసి తూచి కాగితం మీద కుప్పలు పోసింది. మూడు గిన్నెల నీళ్లు ఒక గిన్నె అయ్యేదాకా మరగబెట్టాలట. ఎక్కువగా ఉన్నది హువాంగ్‌చీ, లేత పసుపు వేరు ముక్కలు, నమిలితే కొంచెం తియ్యగా పచ్చి చిక్కుడు వాసన, వీళ్లు సూప్‌లో కూడా వేసుకుంటారు. మిగతావి దాన్‌షెన్ అనే ఎర్ర వేరు, అతిమధురం, రేవల్చిన్ని (రూబార్బ్ వేరు).

మేం కాయకముందే ఆ చీటీ కిడ్నీ డాక్టర్‌కి చూపించాం. ఆవిడ కొట్టిపారేయలేదు. హాంకాంగ్‌లో 118 మంది పేషెంట్లతో 48 వారాలు ట్రయల్ చేశారట, కొంతమందికి మామూలు మందులతో పాటు హువాంగ్‌చీ ఇస్తే కిడ్నీ పనితనం పడిపోయే స్పీడ్ తగ్గింది గానీ ప్రోటీన్ పోవడంలో తేడా రాలేదు. చిన్న ట్రయల్, పైగా మందులతో పాటు ఇచ్చారు, మానేసి కాదు, అది గుర్తుపెట్టుకోండి. అతిమధురం మాత్రం వద్దంది, ఎక్కువైతే బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. రేవల్చిన్నితో విరేచనాలై ఒంట్లో నీళ్లు తగ్గితే అసలే డాపాగ్లిఫ్లోజిన్ (యూరిన్‌లో షుగర్‌తో పాటు నీళ్లూ బయటికి పంపే షుగర్ మాత్ర) మీద ఉన్న మనిషి, కిడ్నీకి ఇంకో దెబ్బ. అందుకని నాన్నకి అప్పుడప్పుడు చికెన్ సూప్‌లో హువాంగ్‌చీ వేస్తాం, అంతే. ప్రోటీన్ తగ్గింది కూడా, క్రెడిట్ మాత్రం నేను టెల్మిసార్టన్ అనే బీపీ మాత్రకీ, డాపాగ్లిఫ్లోజిన్‌కే ఇస్తా, నాన్న ఒప్పుకోరనుకోండి.

అసలు భయం ఏం వేశారో తెలియని పొడులూ, మాత్రలతోనే. 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో బరువు తగ్గే మందులో ఒక చైనా వేరుకి బదులు అలాంటి పేరున్న ఇంకో వేరు కలిసిపోయి వంద మందికి పైగా ఆడవాళ్ల కిడ్నీలు పాడయ్యాయి, కొందరికి తర్వాత మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా వచ్చింది. ఆ రెండో వేరులో ఉన్నది అరిస్టోలోకిక్ యాసిడ్ అనే విషం. మన ఊళ్లలో పాము కాటుకి వాడే నల్లేశ్వరి వేరు కూడా ఆ జాతిదే, కాబట్టి మనవి మంచివి వాళ్లవి చెడ్డవి అని కూడా లేదు. ప్రోటీన్ తగ్గిస్తుందని చైనాలో వాడే లేగోంగ్‌తెంగ్ అనే ఇంకో తీగ ఉంది, లివర్‌కి విషం, దాని జోలికే పోవద్దు.

ఇంకోటండీ, టెల్మిసార్టన్ లాంటివి, డాపాగ్లిఫ్లోజిన్ మొదలెట్టిన కొత్తల్లో రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ వడకట్టి పంపాల్సిన వ్యర్థం) కాస్త పెరుగుతుంది, అది మామూలే, చాలామంది అప్పుడే కంగారుపడి మాత్రలు ఆపేసి కషాయాల వెంట పడతారు. మామయ్యగారికి కూడా అలా పెరిగిందా? ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ ఎంత వడకడుతోందో చెప్పే లెక్క), యూరిన్ ఏసీఆర్ (ప్రోటీన్ ఎంత పోతోందో చెప్పే పరీక్ష), పొటాషియం ఎంతున్నాయో, ఏ మాత్రలు వాడుతున్నారో పెట్టండి, ఆంటీ చెప్పిన కషాయంలో ఏమేం ఉన్నాయో చీటీ మీద రాయించుకుని అది కూడా.